అసలు హంతకుడు దొరక్కపోతే?

కోర్టు సీరియళ్ల మీద లాయర్లు ఎప్పుడూ చేసే ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. వాటిని ముందే పక్కన పెట్టేస్తాను. మన జడ్జీల బల్ల మీద కొయ్యసుత్తి ఉండదు. "ఆర్డర్ ఆర్డర్" అని కొట్టాల్సిన అవసరమూ రాదు, జడ్జిగారు తలెత్తి ఒకసారి చూస్తే చాలు, హాలు సర్దుకుంటుంది. సాక్షి చేత భగవద్గీత మీద చెయ్యి వేయించరు. 1969 నాటి ప్రమాణాల చట్టంలో గీతా లేదు, బైబిలూ లేదు. దేవుడి మీద ప్రమాణం చేస్తావా, దేవుడి పేరెత్తకుండా నిజమే చెబుతానని ఒప్పుకుంటావా అన్నదొక్కటే ఉంది. లాయరు వెళ్లి బోనులో ఉన్న సాక్షి మొహంలో మొహం పెట్టి అరవడు. ఇవన్నీ నిజమే. అయినా వీటివల్ల ఎవరికీ పోయేదేమీ లేదు. హీరో వందమందిని కొడితే ఎలా సర్దుకుపోతామో, సుత్తితోనూ అలాగే సర్దుకుపోవచ్చు. సాటి లాయర్లు ఇలాంటి తప్పులు ఏరుకుని నవ్వుకుంటుంటే నాకు విసుగేస్తుంది. ఆ నవ్వుల సందడిలో పెద్ద అబద్ధం మెల్లగా తప్పించుకుపోతోంది.

ఆ పెద్ద అబద్ధం ఇది: డిఫెన్సు లాయరు పని అమాయకుణ్ణి కాపాడటం. కాపాడటం అంటే అసలు నేరస్తుణ్ణి పట్టి ఇవ్వడం.

ఇందులో తప్పేముంది, మంచి పనే కదా అనిపిస్తుంది. తప్పు ఎక్కడుందంటే, ఈ కథలు ఏళ్ల తరబడి చూసీ చూసీ మన బుర్రలో ఒక లెక్క కుదురుకుంటుంది. మంచి లాయరు అమాయకుల కేసులే తీసుకుంటాడు. నేరం చేసినవాడి కేసు పట్టేవాడు డబ్బు కోసం గడ్డి తినే రకం. ముద్దాయి నిర్దోషి అయితే అసలువాడు దొరకాలి. అసలువాడు దొరకలేదంటే వీడే అయ్యుంటాడు. పెళ్లిళ్లలో, రైళ్లలో, అపార్ట్‌మెంటు లిఫ్టుల్లో క్రిమినల్ లాయరు కనపడగానే జనం అడిగే ప్రశ్న ఈ లెక్కలోంచే వస్తుంది: "తప్పు చేశాడని తెలిసి కూడా ఎలా వాదిస్తారండీ?" అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. రేపు వాళ్ల తమ్ముణ్ణో కొడుకునో స్టేషనుకి తీసుకెళితే ఇదే లాయరుకి అర్ధరాత్రి ఫోన్ చేసేదీ వాళ్లే.

ఈ అచ్చు పోసినవాడు ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్. ఆయన పెర్రీ మేసన్ నవలలు మన దగ్గర కూడా ఒక తరం రైల్వే స్టేషను షాపుల్లో కొనుక్కుని చదివింది. అమెరికాలో సీబీఎస్ చానల్ 1957 నుంచి 1966 దాకా వాటిని 271 ఎపిసోడ్ల సీరియల్‌గా తీసింది. రేమండ్ బర్ మేసన్‌గా వేశాడు. ఒకటీ అరా తప్ప ప్రతి ఎపిసోడూ ఒకే దారిలో నడుస్తుంది. పోలీసులు అమాయకుణ్ణి పట్టుకుంటారు, మేసన్ తన గూఢచారిని ఊరంతా తిప్పుతాడు, చివరి పది నిమిషాల్లో బోనులో ఉన్నవాళ్లో వెనక బెంచీలో కూర్చున్నవాళ్లో లేచి "నేనే చంపాను" అని ఏడుస్తారు. ప్రాసిక్యూటర్ హామిల్టన్ బర్గర్ తొమ్మిదేళ్ల పాటు వారం వారం ఓడిపోతూనే ఉంటాడు. ఇన్నిసార్లు తప్పు మనిషి మీద కేసు నడిపినవాడి ఉద్యోగం ఎలా నిలిచిందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

గార్డ్‌నర్‌కి నిజం తెలియక కాదు. ఆయన కాలిఫోర్నియాలో ప్రాక్టీసు చేసిన లాయరు. నవలల మీద డబ్బు బాగా వచ్చాక, 1948లో ఆర్గసీ అనే పత్రికతో కలిసి, అన్యాయంగా శిక్ష పడ్డవాళ్ల కేసులు తిరగదోడే పని పెట్టుకున్నాడు. దానికి 'కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్' అని పేరు పెట్టారు. అంటే తన నవలల్లో మేసన్ ఎన్నడూ ఓడిపోని కోర్టులోనే బయట జనం ఓడిపోతున్నారని ఆయనకి బాగా తెలుసు. టీవీ మాత్రం ఆయన దగ్గర నవలలనే తీసుకుంది.

మన దగ్గరా అంతే. 2010లో సోనీ టీవీలో 'అదాలత్' మొదలైంది. రోణిత్ రాయ్ వేసిన కె.డి. పాఠక్ అనే లాయరుకి ఉన్న పేరే నిర్దోషుల పక్షాన నిలబడతాడని. ఆ ఒక్క గుణం మీదే సీరియల్ ఏళ్ల తరబడి నడిచింది. ఇక తెలుగు డైలీ సీరియళ్లలో కోర్టు సీను వారం రోజులు సాగుతుంది. శుక్రవారం నాటికి కోడలు దోషి అయిపోతుంది, శనివారం ఎవరో పెన్‌డ్రైవ్ పట్టుకుని తలుపు తోసుకుంటూ వస్తారు. ఆ పెన్‌డ్రైవ్‌కి సర్టిఫికెట్ ఏదీ అని అడిగే పీపీ ఒక్కడూ ఉండడు. (అది లేకపోతే ఎలక్ట్రానిక్ సాక్ష్యం చెల్లదని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది.) 'వకీల్ సాబ్' అయితే లాయరు చేత ఫైట్లు కూడా చేయించింది. సరే, అది పవన్ కళ్యాణ్ సినిమా, ఆ మాత్రం ఉంటుంది.

చట్టం చెప్పేది వేరు. క్రిమినల్ కేసులో ముద్దాయి మామూలుగా ఏదీ రుజువు చెయ్యక్కర్లేదు. పోక్సో, ఎన్‌డీపీఎస్ లాంటి చట్టాల్లో మినహాయింపులున్నాయి గానీ మూలసూత్రం అదే. హత్య ఎవరు చేశారన్నది డిఫెన్సు లాయరుకి వేసిన ప్రశ్న కాదు. ప్రాసిక్యూషన్ తెచ్చిన కథ నిలబడుతుందా లేదా, అంతే. నిలబడకపోతే ముద్దాయి ఇంటికి వెళ్లాలి, అతనే చేశాడని లాయరుకి లోపల ఎక్కడో అనిపిస్తున్నా సరే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో ఇది స్పష్టంగా ఉంది. ముద్దాయి నేరస్తుడా కాదా అన్న సొంత అభిప్రాయంతో పని లేకుండా అతని తరఫున వాదించాలని రాసిపెట్టారు. సరైన సాక్ష్యం లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదన్న చట్టానికే లాయరు కట్టుబడి ఉండాలని కూడా అందులో ఉంది. దీన్నే మన పేపర్లు 'సంశయలాభం' అంటాయి. జనం 'టెక్నికల్‌గా బయటపడ్డాడు' అంటారు.

టెక్నికల్‌గా బయటపడటం అంటే ఏమిటో తెలుగువాళ్లందరికీ తెలిసిన కేసు ఒకటుంది. పేర్లు రాయను, అవసరం లేదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయిని చంపేశారు. రాష్ట్రం అట్టుడికిపోయింది. నెలల తరబడి పోలీసులకి ఎవరూ దొరకలేదు. 2008 ఆగస్టులో ఒక పేద యువకుణ్ణి తెచ్చి ఇతనే అన్నారు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే ఇతను కాదు మొర్రో అని మొదటినుంచీ చెబుతూ వచ్చారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలిపెట్టింది. లక్ష రూపాయలు ఇవ్వమంది. ఎనిమిదేళ్లు దాటి జైల్లో గడిపిన మనిషికి లక్ష రూపాయలు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. హైకోర్టులో ఎవరూ లేచి "నేనే చంపాను" అనలేదు. తలుపు తోసుకుని ఎవరూ రాలేదు. అసలు హంతకుడు ఫలానా అని అప్పీలు వాదించిన లాయరు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. పోలీసులు తెచ్చిన సాక్ష్యం ఒక మనిషిని జైల్లో ఉంచడానికి సరిపోదన్నది మాత్రమే తేలింది. కేసు తర్వాత సీబీఐకి వెళ్లింది, పాతిపెట్టిన దేహాన్ని 2019లో బయటికి తీసి మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. అంటే ఒక నిర్దోషి విడుదలయ్యాడు, ఆ అమ్మాయి తల్లికి జవాబు దొరకలేదు. ఈ రెండూ ఒకేసారి నిజం. మన టీవీ కథకి ఈ రెండింటినీ ఒకే ఎపిసోడ్‌లో పట్టుకునే చెయ్యి లేదు. నిర్దోషిని విడిపించాలంటే ఆ పక్కనే ఇంకొకడికి బేడీలు వెయ్యాలి. లేకపోతే ప్రేక్షకుడు ఒప్పుకోడని వాళ్ల భయం. అలా ప్రతిసారీ బేడీలు వేసి వేసి, బేడీలు లేని విడుదలని మోసంగా చూడటం వాళ్లే అలవాటు చేశారు.

"నిజం చూపిస్తే బోరు కొడుతుందండీ" అంటారు రాసేవాళ్లు. సరే, ఆ బోరు పని ఎలా ఉంటుందో చూద్దాం.

క్రిమినల్ లాయరు పనిలో సగం బెయిలు. బెయిలు వచ్చాక మొదలయ్యేది జామీను. ఇద్దరు జామీనుదారులు కావాలి, ఇంటిపన్ను రసీదు కావాలి, కొన్ని చోట్ల తహసీల్దారు ఇచ్చిన సాల్వెన్సీ సర్టిఫికెట్ కావాలి, ఆధార్ కావాలి, ఇంతకు ముందు ఇంకెవరికీ జామీను ఉండి ఉండకూడదు. రోజుకూలి చేసుకునేవాడికి ఇల్లున్న స్నేహితులు ఎక్కడినుంచి వస్తారు? 1978లో సుప్రీంకోర్టు ముందుకి మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసు వచ్చింది. మేజిస్ట్రేటు అతన్ని పదివేల రూపాయల జామీను అడిగాడు. అన్న జామీను ఉంటానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో మేజిస్ట్రేటుని దాదాపు తిట్టినంత పని చేశారు. ఆ తీర్పు వచ్చి నలభయ్యేళ్లు దాటింది. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. నూటికి 75 మందికి పైగా. వీళ్లలో ఎవరి మీదా నేరం రుజువు కాలేదు. మన సీరియళ్లలో మాత్రం హీరోయిన్ రాత్రి అరెస్టయితే పొద్దున్నే కోర్టుబోనులో చీర మడత నలగకుండా నిలబడి ఉంటుంది, విచారణ అప్పుడే మొదలైపోతుంది. మధ్యలో ఉన్న ఏళ్లు ఏమైపోయాయి? 'నాంది' సినిమా ఆ ఏళ్లని కాస్త చూపించింది, అందుకు మెచ్చుకోవాలి. విచారణ ఖైదీగా మనిషి ఎలా అరిగిపోతాడో అల్లరి నరేష్ మొహంలో కనపడుతుంది. తర్వాత ఆ సినిమా కూడా దొంగకేసు పెట్టినవాళ్ల మీద పగ తీర్చుకోవడంలోకి వెళ్లిపోయింది, అది వేరే విషయం.

ఇక క్రాస్ ఎగ్జామినేషన్. తెరమీద అదొక ఉరుము. నిజంగా జరిగేది ఇలా ఉంటుంది. సాక్షి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి డిక్టేట్ చేస్తారు. టైపు అయ్యేదాకా లాయరు ఆగాలి, సాక్షి ఆగాలి. ఈలోగా సాక్షి నీళ్లు తాగి తేరుకుంటాడు. ప్రశ్న వెంట ప్రశ్న వేసి ఊపిరాడకుండా చేయడం అన్నది ఆ గదిలో భౌతికంగానే సాధ్యం కాదు. అయినా అక్కడ గొప్ప పని జరుగుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను. సాక్షి కోర్టులో "వీడు కత్తితో పొడవడం కళ్లారా చూశాను" అన్నాడు. పోలీసులకి మొదట ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో కేకలు విని వచ్చానని మాత్రమే ఉంది. లాయరు అడుగుతాడు: "చూశానని మీరు పోలీసులకి చెప్పలేదు కదా?" సాక్షి "చెప్పాను" అంటాడు. లాయరు అక్కడితో ఆపేస్తాడు. అరవడు, కాగితం ఊపడు. తర్వాత ఎన్నో వాయిదాలకి, ఒక్కోసారి ఏడాదికి, దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టరు బోనెక్కుతాడు. ఈలోగా ఆయనకి బదిలీ అయి ఉంటుంది, రెండుసార్లు సమన్లు వెళ్లి ఉంటాయి. ఆయన్ని అడుగుతాడు: "ఆ సాక్షి మీ దగ్గర చూశానని చెప్పలేదు కదా?" ఇన్‌స్పెక్టరు తన ఫైలు చూసుకుని "చెప్పలేదు" అంటాడు. అంతే. ప్రత్యక్ష సాక్షి కాస్తా పోయాడు. ఏడాది ఎడంగా పలికిన ఈ రెండు చిన్న జవాబులూ ఒక్కచోట చేర్చి, వాదనల రోజున జడ్జి ముందు పెట్టడమే డిఫెన్సు. సాక్షి వాంగ్మూలం చివర వరసగా "అనడం వాస్తవం కాదు", "అనడం వాస్తవం కాదు" అని నాలుగైదు వాక్యాలుంటాయి. ముద్దాయి వైపు కథ అంతా ఆ కాదనడాలలోనే రికార్డులోకి ఎక్కుతుంది. ఎవరూ ఏడవరు, ఎవరూ ఒప్పుకోరు.

దీన్ని నాటకంగా చెయ్యలేరా? ఏడాది పాటు ఒకే ఒక్క జవాబు కోసం ఎదురుచూస్తున్న లాయరు, అది తెలియక "ఏం సార్, సాక్షిని ఒక్క మాటా గట్టిగా అడగలేదు" అని నిష్ఠూరమాడే ముద్దాయి తండ్రి. ఇంతకంటే సస్పెన్సు ఏముంటుంది? రాసేవాడికి కోర్టు తెలియాలి, అంతే.

తెలిసినవాడు రాస్తే ఏమవుతుందో కూడా మన ముందే ఉంది. 2008లో బీబీసీ 'క్రిమినల్ జస్టిస్' అనే సీరియల్ తీసింది. రాసిన పీటర్ మొఫాట్ ఒకప్పుడు బారిస్టరు. ఒక కుర్రాడు రాత్రి పరిచయమైన అమ్మాయి ఇంట్లో నిద్రలేచేసరికి ఆమె చచ్చి పడి ఉంటుంది, ఏం జరిగిందో అతనికి గుర్తుండదు. స్టేషనుకి వచ్చిన లాయరు మొదట చేసే పని, నాకు నిజం చెప్పకు అని అతని నోరు మూయించడం. టీవీ చరిత్రలో డిఫెన్సు లాయరు నిజాయితీగా కనపడ్డ క్షణాల్లో అదొకటని నేననుకుంటాను. చూసేవాళ్లకి మాత్రం అది కుట్రలా అనిపిస్తుంది. నిజానికి పోలీసుల దగ్గర నలిగిపోయిన పిల్లాడి చేత ఆ రాత్రే ఒక కథ చెప్పిస్తే, తర్వాత ఆ కథే అతని మెడకు చుట్టుకుంటుంది. దీన్నే అమెరికాలో హెచ్‌బీఓ 2016లో 'ది నైట్ ఆఫ్' పేరుతో తీసింది. అందులో జ్యూరీ ఆరుగురూ ఆరుగురూగా చీలిపోతుంది, ప్రాసిక్యూటర్ మళ్లీ నడపనంటుంది, కుర్రాడు బయటికొస్తాడు. వేరే మనిషి మీద అనుమానం చూపిస్తారు గానీ కోర్టులో ఎవరూ భోరుమనరు. బయటికొచ్చిన కుర్రాడు మత్తుకి అలవాటు పడ్డాడు, ఒంటినిండా పచ్చబొట్లు, తల్లికే అతని కళ్లలోకి చూడటం కష్టంగా ఉంది. నిర్దోషిగా బయటపడ్డవాడికి జైలు ఏం చేస్తుందో మేసన్ 271 ఎపిసోడ్లలో చూపించలేదు.

హిందీలో అదే కథని 2019లో హాట్‌స్టార్ తీసింది. పంకజ్ త్రిపాఠీ వేసిన మాధవ్ మిశ్రా స్టేషన్ల చుట్టూ తిరిగి కేసులు ఏరుకునే చిన్న లాయరు. మన కోర్టు వరండాల్లో అలాంటివాళ్లు పదిమంది కనపడతారు, ఆ పాత్రని అంతమంది ప్రేమించడానికి కారణం కూడా అదే. రెండో సీజన్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. భార్యే భర్తని పొడిచింది, అందులో సందేహమే లేదు. సరే, ఇప్పుడైనా నేరం చేసిన మనిషికి లాయరు ఎందుకో చెబుతారు కదా అని కూర్చుంటే, కథ నడిచేకొద్దీ చచ్చినవాడు ఎంత దుర్మార్గుడో బయటపడుతుంది. ఆ ఇంటి హింస గురించి ఆ సీజన్ చెప్పింది అవసరమైన విషయమే, కాదనను. కానీ మళ్లీ అదే ఇరుసు మీదికి వచ్చాం. ముద్దాయి మనసుకి నచ్చే మనిషి అయితేనే లాయరు హీరో. నచ్చని ముద్దాయి, నిజంగానే చేసిన ముద్దాయి, చేశాడో లేదో మనకే తేలని ముద్దాయి మన తెరమీదికి ఎప్పుడొస్తాడు? 2025లో వచ్చిన 'కోర్ట్' సినిమా పోక్సో చట్టాన్ని కుటుంబాల పరువు కోసం ఎలా వాడతారో ధైర్యంగా చెప్పింది. కోర్టులోనే నమ్మకంగా నడిచిన తెలుగు సినిమా అది. అందులోనూ కుర్రాడు మచ్చలేనివాడని మనకి మొదటినుంచీ తెలుసు.

బోరు గురించి ఇంకొక్క మాట. చైతన్య తమ్హానే 2014లో మరాఠీలో 'కోర్ట్' తీశాడు. అందులో ముద్దాయి ఒక వృద్ధ ప్రజాగాయకుడు. అతని పాట విని ఒక పారిశుధ్య కార్మికుడు ఆత్మహత్య చేసుకున్నాడని కేసు. చేతుల్లేని జాకెట్టు వేసుకొచ్చిందని ఒకామె కేసుని జడ్జి ఆ రోజు పిలవడు. పీపీ కోర్టయ్యాక బిడ్డని తీసుకుని ఇంటికెళ్లి వంట చేస్తుంది. ఎవరూ విలన్ కాదు, అయినా ముసలాయన జైల్లో మగ్గుతూనే ఉంటాడు. ఆ సినిమా చూసినప్పుడు నాకు కలిగిన భయం ఏ కోర్టు థ్రిల్లరూ కలిగించలేదు.

డిఫెన్సు లాయర్లంతా మహానుభావులని నేనేమీ అనడం లేదు. ఫీజు తీసుకుని వాయిదాకి రానివాళ్లున్నారు, సాక్షిని వెనకనుంచి కొనేసేవాళ్లున్నారు. టీవీకి ఈ దొంగ లాయరు బాగా తెలుసు, ఆ దేవుడి లాంటి లాయరూ తెలుసు. మధ్యలో ఉన్నవాడే తెలియదు. రోజుకి పద్నాలుగు వాయిదాలు, రెండు కోర్టు హాళ్ల మధ్య పరుగు, గుమాస్తాకి జీతం బాకీ, అయినా ఛార్జిషీటులో తేదీ తేడా ఒకటి పట్టుకున్నందుకు ఆ పూట మనసులో మురిసిపోయేవాడు.

ఈ పట్టింపు ఎందుకని అడగొచ్చు. సీరియల్ చూసి ఎవరూ చావరు కదా అని. 2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టరుని నలుగురు చేసిన ఘోరం అందరికీ గుర్తుంది. ఆమెని మనం 'దిశ' అన్నాం. ఆ ఘోరాన్ని ఎవరూ తక్కువ చెయ్యలేరు, చెయ్యకూడదు. నలుగురు అరెస్టయ్యారు. వాళ్ల తరఫున నిలబడేది లేదని అక్కడి లాయర్లు ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. నిజానికి అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లోనే మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వంతెన మీదనుంచి పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని అందులో ఉంది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా ఉంది.

ఆ చివరి సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ముద్దాయి చిన్నవాడిలా కనపడితే డిఫెన్సు లాయరు చేసే మొదటి పని స్కూలు రికార్డు తెప్పించడం. దానికి తెలివితేటలు అక్కర్లేదు, వాక్చాతుర్యం అక్కర్లేదు. రిమాండ్ రోజున ఒక చిన్న మెమో వేస్తే సరిపోతుంది. వాళ్ల తరఫున నిలబడేది లేదన్నాక ఆ కాగితం ఎవరు వేస్తారు? ఎన్‌కౌంటర్‌కి టీవీ కారణమని నేను అనడం లేదు, అంత అమాయకుణ్ణి కాదు. కానీ ఆ వారమంతా జనం నోట వినపడ్డ మాట ఒకటే: "అలాంటివాళ్లకి లాయరెందుకు?" ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాం? లాయరంటే అమాయకుల కోసం అని, నేరం చేసినవాడి లాయరంటే నేరంలో భాగస్తుడని ఎన్ని వందల సాయంత్రాలు మనకి చూపించారు!

అదే 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు అనోఖీలాల్ కేసులో తీర్పిచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక పసిపిల్ల మీద అత్యాచారం, హత్య. ముద్దాయికి కోర్టు లాయరుని ఇచ్చిన రోజే అభియోగాలు కూడా నమోదు చేసేసింది. ఫైలు చదువుకునే వ్యవధి లేదు. రెండు వారాల్లో విచారణ అయిపోయింది, ఉరిశిక్ష పడింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి మళ్లీ మొదటినుంచీ విచారించమంది. ఇలాంటి కేసుల్లో లాయరుకి కనీసం ఏడు రోజులైనా ఇవ్వాలంది. ఫాస్ట్‌ట్రాక్ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఆ తీర్పు చదవాలి. కానీ ఆ నెలలో మనకి వేరే తొందర ఉంది.

తెలుగులో డిఫెన్సు లాయర్ల కథలు లేక కాదు. కె.జి. కన్నబిరాన్ పార్వతీపురం కుట్ర కేసు వాదించారు, సికింద్రాబాద్ కుట్ర కేసు వాదించారు. కట్టకట్టి తెచ్చిన ముద్దాయిలు, ప్రభుత్వం మొత్తం అవతలి పక్క. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్ష పడ్డ రైతుల కోసం డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు ఇంగ్లండు నుంచి వచ్చారు. ఈ కథలు ఏ ఓటీటీ వాళ్ల బల్ల మీదికీ రాలేదు. వస్తే ముందు అడిగే ప్రశ్న నేనే చెప్పగలను: "సార్, వాళ్లు నిజంగా చేశారా, చెయ్యలేదా?"

రాసేవాళ్లని ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి జడ్జి "విడుదల" అన్నాక అసలు హంతకుడి మీదికి కెమెరా తిప్పకండి. ముద్దాయి వెనకే వెళ్లండి. అతను అక్కడినుంచి ఇంటికి పోడు, ఎస్కార్టు వ్యాన్‌లో మళ్లీ జైలుకే పోతాడు. విడుదల ఉత్తర్వు టైపు కావాలి, సంతకం కావాలి, స్టాంపు పడాలి, జైలుకి చేరాలి. లాకప్ వేళ దాటాక చేరితే ఆ రాత్రి లోపలే. 2021లో సుప్రీంకోర్టే బెయిలిచ్చిన 13 మంది ఆగ్రా ఖైదీలు ఉత్తర్వు చేరక రోజుల తరబడి లోపలే ఉండిపోయారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ దాన్ని తనంతట తాను విచారణకి తీసుకున్నాకే, 2022లో ఉత్తర్వుల్ని ఎలక్ట్రానిక్‌గా పంపే 'ఫాస్టర్' పద్ధతి వచ్చింది. జిల్లా కోర్టుల్లో ఇప్పటికీ సాయంత్రం నాలుగు దాటాక తీర్పు వస్తే, లాయరు గుమాస్తా ఆ కవరు జేబులో పెట్టుకుని స్కూటరు మీద జైలు గేటు వైపు పరిగెత్తడం చూడొచ్చు. ముద్దాయి తల్లి అప్పటికే గేటు బయట చెట్టు కింద కూర్చుని ఉంటుంది.